ధర్మవరంలో 'ఫర్ ది విన్' చదివాక

ఆన్‌లైన్ గేముల్లో బంగారం పోగుచేసి, దాన్ని అసలు డబ్బుకి అమ్మే పిల్లల కథ కోరీ డాక్టరో నవల 'ఫర్ ది విన్'. 2010లో వచ్చింది. రచయితే తన సైటులో ఉచితంగా పెట్టాడు. కథ షెన్‌జెన్, సింగపూర్, ముంబై ధారావిల మధ్య తిరుగుతుంది. నేను దీన్ని చాలా ఆలస్యంగా, ధర్మవరంలో, పక్కింటి మగ్గం చప్పుడు వింటూ చదివాను.

ధారావిలో మాల అనే అమ్మాయి ఇంటర్నెట్ కేఫ్‌లో ఒక పిల్లల సైన్యాన్ని నడుపుతుంటుంది. బెనర్జీ అనే ఆయన డబ్బులిచ్చి ఆడిస్తాడు. వాళ్ల పనల్లా గేములో బంగారం తవ్వుకునే వేరే కూలీల మీద పడి చంపడం. అవతల ఉన్నది తనలాంటి పేదపిల్లలే అన్న సంగతి మాలకు ఎక్కడానికి చాలా పేజీలు పడుతుంది. నవలకు ప్రాణం ఇక్కడే ఉంది. ఒక కూలీ చేత ఇంకో కూలీని కొట్టించడం ఎంత చవకో డాక్టరో తొందరపడకుండా చూపించాడు. ధర్మవరం వాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. చేమగ్గానికి రిజర్వు చేసిన రకాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లోనే చట్టం చేశారు. అయినా నేస్తూనే ఉన్నారు. ఆ కోపం మాత్రం మరమగ్గం దగ్గర నిలబడ్డ కూలీ మీదికే పోతుంది.

డాక్టరో మధ్యమధ్యలో కథ ఆపేసి ధరలు, ద్రవ్యోల్బణం గురించి పాఠాలు చెబుతాడు. నాకవి విసుగనిపించలేదు. నిజానికి 2001లోనే ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా అనే ఆర్థికవేత్త 'ఎవర్‌క్వెస్ట్' గేము సరుకులకు బయట పలుకుతున్న ధరలు చూసి, ఆ ఊహాలోకపు తలసరి ఉత్పత్తి రష్యా, బల్గేరియాల మధ్య ఉంటుందని లెక్కగట్టాడు. గేములో గంటలకు బయట ధర ఉందన్న మాట వరకూ నవల చెప్పింది నిజమే. నా పేచీ ఆ సరుకు ఎవరిదన్న దగ్గర.

మా వీధి కుర్రాడొకడి కథ చెప్తాను. పబ్జీలో వాడి ఐడీకి 'ఎం416 గ్లేసియర్' ఉండేది. ఎంతకిస్తావని అడిగేవాళ్లు తెగ ఉండేవాళ్లు. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ కూడా పోయింది. అక్టోబర్ 30న ఇక్కడ సర్వర్లు ఆగిపోయాయి. ఆ శీతాకాలంలో వాడు ఐదువందలకు ఐడీ ఇచ్చేశాడు. "గేమే లేదు కదన్నా, ఆ గన్ను పెట్టుకుని ఏం జేసేది?" అన్నాడు. 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. పాత ఐడీలోని సామాన్లు తెచ్చుకోనిచ్చింది. వాడి తుపాకీ మళ్లీ బతికింది, వేరేవాడి చేతిలో.

వాడిని ఎవరు మోసం చేశారు? కొన్నవాడు కాదు, అడిగినంత ఇచ్చాడు. ఐడీలు అమ్మడమే కంపెనీ రూల్సుకు విరుద్ధం కాబట్టి ఫిర్యాదు చేయడానికి దిక్కులేదు. నవల్లో పిల్లలు యూనియన్ కట్టి సమ్మె చేస్తారు. సమ్మెకి ఎదురుగా ఒక యజమాని ఉండాలి కదా. మావాడికి యజమాని లేడు, కూలి లేదు. రాత్రుళ్లు ఆడిన ఆటకి ఒక ధర ఉందని మాత్రం తెలుసు.

ఇక్కడ పట్టు, జరీ షావుకారువి, కూలి నేతగాడిది. అన్యాయమే. కానీ అమ్ముడైన చీరను ఏ షావుకారూ కొన్నావిడ బీరువాలోంచి వెనక్కి తీసుకోలేడు. గేము సరుకు ఎప్పటికీ కొన్నవాడిది కాదు, ఆడుకోనిచ్చినంతకాలమే. డాక్టరో ఇది తెలియనివాడేం కాదు. అయినా ఆయన దృష్టంతా చాకిరీ మీద ఉండిపోయింది, సొత్తు మీద నిలవలేదు.

అందుకే ఈ నవల చదవమంటాను. నేను మా వీధి కుర్రాడికీ ఇచ్చాను. మాల దాకా వచ్చి ఆగాడు. "ఆ పిల్లకి జీతమన్నా ఇస్తున్నారు కదన్నా," అన్నాడు.