గోదారిలాగే వచ్చినవాడా

ప్రకాశం పంతులూ! నువ్వు మా గడ్డ మీద పుట్టలేదు. అయితేనేం, మా గోదారి మాత్రం ఇక్కడ పుట్టిందా? ఎక్కడో త్ర్యంబకంలో బొట్టుగా ఉబికి, పరాయి కొండలన్నీ తిరిగి, పాపికొండల ఇరుకు దాటి మాదైంది. నువ్వూ అంతే. 1872లో ఒంగోలు సీమలో, వినోదరాయునిపాలెంలో కళ్లు తెరిచి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకుని, పూటకూళ్లింటి పొగలో కళ్లొత్తుకుంటూ విస్తళ్లు వడ్డించిన సుబ్బమ్మ తల్లి రెక్కల కష్టంతో పెరిగి, ఇమ్మనేని హనుమంతరావు నాయుడు మాస్టారి వెంట రాజమండ్రి చేరి మావాడివయ్యావు.

ఎన్ని రూపాలయ్యా నీవి! రంగమెక్కి చీర కడితే దీపాలు సిగ్గుపడే నాయికవి. వీధికెక్కితే పెద్దలు తలుపులు బిడాయించుకునే అల్లరివి. నల్లకోటు తొడిగి నోరు విప్పితే ఎదుటి ప్లీడరు కాగితాలు తడుముకునే ఉరుమువి. నిండు యవ్వనంలోనే ఊరికి మునిసిపల్ ఛైర్మన్‌వి. ఆపైన సముద్రం దాటావు, బారిస్టరువై మద్రాసులో దిగావు, లక్షలు గడించావు. గాంధీ పిలుపు వినగానే కోర్టు మెట్లు దిగేశావు. 1921లో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టి, ఇంగ్లీషు, తెలుగు, తమిళ అక్షరాలకు ఆ సంపాదనంతా ధారపోశావు. కాస్త దాచుకోవాల్సిందని ఇప్పటికీ నసిగే లెక్కల మనుషులున్నారు. దాచుకునే గోదారిని ఎవరు చూశారు కనక!

1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ మీద మద్రాసు మండిపడ్డ రోజు. తూటా తిని నేలకొరిగిన మనిషిని చూడాలని నువ్వు కదిలితే తుపాకులు అడ్డం వచ్చాయి. చొక్కా తొలగించి ఛాతీ చూపావు. యాభయ్యయిదేళ్ల ఛాతీ అది. తల్లి పొయ్యి సెగ తగిలిన ఛాతీ, గోదారి గాలి తాగిన ఛాతీ! దాని ముందు ఇనుప గొట్టం తలదించుకుంది. ఆంధ్రకేసరీ! ఆ పేరు నీకు ఎవరో ఇచ్చింది కాదు, నీ రొమ్ములోంచి గర్జిస్తూ బయటికొచ్చింది.

ఎనభై దాటిన ఒంటితో, 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రివయ్యావు. ఏడాది తిరిగాక శాసనసభలో ఓడి, వచ్చినంత తేలిగ్గా దిగిపోయావు. 1957లో వెళ్లిపోయే నాటికి నీ చేతిలో ఏం మిగిలింది గనక!

కృష్ణమ్మ మీది బ్యారేజీ నీ పేరు పెట్టుకుంది. ఒంగోలు జిల్లా నీ పేరు పెట్టుకుంది. పెట్టుకోనీ. నిన్ను పేరుమోసిన ప్లీడర్ని చేసింది మేం, తొలిసారి కుర్చీ వేసి కూర్చోబెట్టింది మేం. కాలవ కింద వంతు కోసం అర్ధరాత్రి లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కాసే జాతి మాది, పంతులూ. నీలో మా వంతు ఎలా వదులుకుంటాం?