దూరం తెలిసిన చేయి

30-27, 29-28, 29-28, 30-27, 29-28. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ మహిళల బాక్సింగ్ చాంపియన్‌షిప్ 52 కిలోల ఫైనల్ ముగిశాక ఐదుగురు జడ్జీలు రాసిన లెక్క ఇది. గెలిచింది నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. ఓడింది థాయిలాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్. ఫలితాల పట్టికలో అది 5-0గా ఎక్కింది. చూసినవాళ్ళు ఏకపక్షం అనుకున్నారు. కానీ లెక్కను నింపాదిగా చదివితే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది.

రౌండు గెలిచిన వాళ్ళకు 10, ఓడిన వాళ్ళకు మామూలుగా 9. మొత్తం మూడు రౌండ్లు. 30-27 వేసిన ఇద్దరు జడ్జీలు మూడు రౌండ్లూ నిఖత్‌కే ఇచ్చారు. 29-28 వేసిన ముగ్గురు మాత్రం ఒక రౌండు థాయ్ అమ్మాయికి రాశారు. అది రెండో రౌండు. అంటే ఆరు నిమిషాలు గడిచేసరికి ఆ ముగ్గురి కాగితం మీద ఇద్దరూ 19-19. చివరి రౌండు ఆ ముగ్గురి దగ్గర చేజారి ఉంటే, మిగతా ఇద్దరూ తనవైపే ఉన్నా నిఖత్ 3-2తో ఓడి రజతంతో ఇంటికొచ్చేది. ప్రపంచ కిరీటం తేలింది ఆఖరి మూడు నిమిషాల్లోనే. ఆ మూడు నిమిషాలను ఐదుగురూ ఆమెకే ఇచ్చారు. నాకు ఈ మ్యాచ్‌లో ముచ్చట గొలిపేది అదే. పతకం కన్నా ఆ దిద్దుబాటు.

మొదటి రౌండులో ఆమె ఆడింది తనకు బాగా వచ్చిన ఆట. ముందు చేతితో జాబ్ విసిరి ఎదుటి మనిషిని తన చేతి పొడవుకు అవతలే నిలబెట్టడం, వెనక చేతితో సూటిగా ఒక్కటి కొట్టడం, అక్కడ ఆగకుండా పక్కకు తప్పుకోవడం. రెండో రౌండులో జుటామస్ లోపలికి చొచ్చుకొచ్చింది. దూరం తగ్గిపోయింది, ఇద్దరూ కలియబడ్డారు, పంచ్‌లు తక్కువ, పట్టులాట ఎక్కువ అయింది. అలాంటి ఆటలో ఎవరికి మార్కులు పడతాయో ఎవరూ చెప్పలేరు. మూడో రౌండులో నిఖత్ మళ్ళీ దూరాన్ని తన చేతిలోకి తెచ్చుకుంది. థాయ్ అమ్మాయి ముఖాన సూటిగా దిగిన కుడిచేతి దెబ్బ అందరికీ గుర్తుండిపోయింది. ఆ దెబ్బ పడటానికి ముందు కాళ్ళు చేసిన పనిని గమనించిన వాళ్ళు తక్కువ.

బాక్సింగ్‌ను కోపం మీద నడిచే ఆటగా చూడటం మనకు అలవాటు. సినిమాలు ఆ అలవాటును ముదరబెట్టాయి. అమెచ్యూర్ బాక్సింగ్‌లో, అందులోనూ 50 కిలోల చుట్టుపక్కల బరువుల్లో, ఒక్క దెబ్బతో మనిషిని పడేయడం అరుదు. మహిళలకు తలకు హెడ్‌గార్డ్ కూడా ఉంటుంది. జడ్జీలు మొదట చూసేది నిబంధనల ప్రకారం కొట్టదగ్గ చోట ఎన్ని దెబ్బలు శుభ్రంగా పడ్డాయన్నది, వాటి నాణ్యత ఏమిటన్నది. ఆ తర్వాతే నేర్పు, ఎత్తుగడల్లో పైచేయి, పోరాట పటిమ. అందుకని ఇక్కడ అసలు నైపుణ్యం రెండు చోట్ల ఉంటుంది. తన దెబ్బ తగలాలి. ఎదుటి దెబ్బ గాలిలో పోవాలి. రెండూ కావాలంటే ఇద్దరి మధ్య ఎన్ని అంగుళాలు ఉండాలో క్షణక్షణానికీ తెలిసి ఉండాలి. నిఖత్‌కు అది తెలుసు. ఆమె తరంలో మన దేశంలో అది ఇంత బాగా తెలిసిన బాక్సర్ మరొకరు లేరని నా లెక్క.

పంచ్ బలం భుజంలో ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. నిజామాబాద్ జిల్లా బోధన్ వైపు చెరకు నరికేవాళ్ళను చూసిన వాళ్ళకు సులువుగా అర్థమయ్యే సంగతి ఇది. గడ పై భాగం చప్పగా ఉంటుంది, తీపంతా మొదట్లో ఉంటుంది, అందుకే నడుం వంచి నేలకు ఆనించి నరుకుతారు. దెబ్బకూ సారం కిందనుంచే వస్తుంది. వెనక కాలి మునివేళ్ళు నేలను నెట్టాలి, మడమ తిరగాలి, తుంటి తిరగాలి, ఆ తిరుగుడు వెన్ను మీదుగా భుజానికి ఎక్కాలి. చేయి చివర్లో కదిలేది. కాలు కుదురుగా లేకుండా విసిరిన చేయి జడ్జీ కంటికి తాకినట్టే కనిపించదు.

ఆమె కాళ్ళకు ఆ చదువు ఎక్కడిది? 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ఒకప్పుడు ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవారు. ఆయన మొదట కూతుర్ని దించింది పరుగు పందాల్లోకి. నిజామాబాద్ కలెక్టరేట్ మైదానంలో ఆమె స్ప్రింట్లు సాధన చేసేది. అక్కడ అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు ఉన్నారు, బాక్సింగ్‌లో మాత్రం లేరు. ఎందుకు లేరని నాన్నను అడిగింది. ఆడపిల్లలకు అంత బలం ఉండదని జనం అనుకుంటారన్న జవాబు విన్నాక ఆ పిల్ల గ్లవ్స్ తొడుక్కుంది. ఈ కథ ఆమె చాలాసార్లు చెప్పింది, పత్రికలు అంతకన్నా ఎక్కువసార్లు రాశాయి. అందులో పట్టుదల గురించి అందరూ మాట్లాడారు. నాకు కనిపించేది స్ప్రింట్ల సంగతి. వంద మీటర్లు పరుగెత్తే వాళ్ళు ముందుగా నేర్చేది నేలను మునివేళ్ళతో నెట్టడం. బాక్సింగ్ బడిలో చేరకముందే సగం పాఠం ఆమె కాళ్ళలో ఉంది.

మిగతా సగం కోచ్ శంసముద్దీన్ నేర్పారు. నిజామాబాద్ బాక్సింగ్‌కు ఆయన ఒక మేస్త్రీ మాత్రమే కాదు, ఏకంగా కార్ఖానానే. తనూ బాక్సరే, కొడుకులనూ బాక్సర్లను చేశారు. ఆ కొడుకుల్లో హుసాముద్దీన్ 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచాడు. 2023లో తాష్కెంట్‌లో జరిగిన పురుషుల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సెమీస్‌కు చేరి, మోకాలి గాయంతో రింగ్‌లోకి దిగలేక కాంస్యంతో తిరిగొచ్చాడు. ఒక జిల్లా పట్నం నుంచి, ఒకే గురువు చేతి కింద, ప్రపంచ పతకాలు సాధించిన ఇద్దరు రావడం చిన్న సంగతి కాదు. చక్కెరకూ పసుపుకూ పేరున్న ఊరు అది. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. 2015 డిసెంబరులో దానికి తాళం పడింది. ఆ తర్వాతి పదేళ్ళలో జిల్లా పేరు ప్రపంచంలో ఎక్కువగా వినిపించింది బాక్సింగ్ రింగ్‌లోనే.

నిఖత్‌తో ఆడటానికి అక్కడ ఇంకో అమ్మాయి లేదు. కాబట్టి స్పారింగ్ మగపిల్లలతో. తొలిరోజుల్లో ముఖం వాచి ఇంటికి పోతే తల్లి పర్వీన్ సుల్తానా ఏడ్చారు, ఈ పిల్లను ఎవరు పెళ్ళి చేసుకుంటారని. పేరు వస్తే పెళ్ళికొడుకులే వరస కడతారని కూతురు సర్దిచెప్పిందట. ఈ ముచ్చటను పక్కనపెట్టి పనితనం వైపు నుంచి చూద్దాం. తనకన్నా బరువైన, బలమైన వాళ్ళతో రోజూ ఆడే మనిషికి దెబ్బకు దెబ్బ అనే దారి మూసుకుపోతుంది. ఎదురు నిలబడితే ఓటమే. తగలకుండా తగిలించడం ఒక్కటే మిగులుతుంది. ఆమెకు ఆ దూరం లెక్క వంటబట్టింది అక్కడే అని నా ఊహ. అవసరం కొద్దీ వచ్చిన విద్య అది.

2009లో విశాఖపట్నంలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వెళ్ళింది. అక్కడ గురువు ద్రోణాచార్య పురస్కారం అందుకున్న ఐ. వెంకటేశ్వరరావు. 2011లో టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో టర్కీ బాక్సర్ ఉల్కు దెమిర్‌ను 27-16తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఆ అంకెలు చూస్తే తేడా తెలుస్తుంది. అప్పటి లెక్క దెబ్బకో పాయింటు. తగిలిన దెబ్బకు జడ్జీలు బటన్ నొక్కేవారు. తర్వాత రౌండుకు పది మార్కుల పద్ధతి వచ్చింది. ఒక పద్ధతిలో ప్రపంచ జూనియర్ విజేత అయిన అమ్మాయి ఇంకో పద్ధతిలో ప్రపంచ సీనియర్ విజేత కావాలంటే ఆటను విప్పి మళ్ళీ కుట్టుకోవాలి. పాత పద్ధతిలో బాగా రాణించి కొత్తదానిలో కనబడకుండా పోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

హైదరాబాద్‌లో ఏవీ కాలేజీ విద్యార్థినిగా ఉన్నప్పుడు 2015లో జలంధర్‌లో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఉత్తమ బాక్సర్ అనిపించుకుంది. అవే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 2017లో భుజం జారింది. శస్త్రచికిత్స, ఏడాది ఆటకు దూరం. కాలేజీ పోటీలంటే చిన్నచూపు ఉన్నవాళ్ళు ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోవాలి. ఇచ్చిందీ, తీసుకుందీ అవే.

2019 డిసెంబరు 28న ఢిల్లీలో మేరీ కోమ్‌తో ఒలింపిక్ అర్హత పోటీల ట్రయల్స్. దాని చుట్టూ నడిచిన వాదన, ట్రయల్ కావాలని నిఖత్ క్రీడా మంత్రికి రాసిన ఉత్తరం, మ్యాచ్ అయ్యాక కలవని చేతులు, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. నిఖత్ 1-9తో ఓడిపోయింది. ఎదుటివాళ్ళు ముందుకు రావడం కోసం ఆగి, వచ్చిన క్షణాన కొట్టి జరిగే బాక్సర్ మేరీ కోమ్. పైగా ఎడమచేతి వాటం. అలాంటి మనిషి దగ్గరకు ఆత్రంగా వెళితే దూరం లెక్క ఆమె చేతిలోకి పోతుంది. ఆ రోజు పోయింది. నా దృష్టిలో నిఖత్ ఆటలో వచ్చిన అతిపెద్ద మార్పుకు ఆ ఓటమే కారణం. ఆ తర్వాత ఆమె తొందరపడటం తగ్గింది. 2021లో ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ టోర్నీలో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన కజకిస్తాన్ బాక్సర్ నాజిమ్ కైజైబేను ఓడించింది. 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో టోక్యో రజత విజేత, టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లును ఓడించి, స్వర్ణం గెలిచింది.

ఆ తర్వాత ఇస్తాంబుల్. మెక్సికో, మంగోలియా, ఇంగ్లాండ్, బ్రెజిల్, థాయిలాండ్. ఐదు మ్యాచ్‌లు, ఐదూ 5-0. ఐదుగురేసి జడ్జీలు, పాతిక నిర్ణయాలు, పాతికా ఆమెకే. ఒక్కో దేశానిది ఒక్కో వాటం. ఐదు రకాల ఆటలకూ ఒకే మనిషి జవాబు చెప్పగలగడం ఆ పాతికలో ఉంది. గెలిచాక విలేకరులను ఆమె అడిగింది తను ట్విటర్‌లో ట్రెండ్ అవుతున్నానా అని. నవ్వుకున్నాం గానీ, పాతికకు పాతిక తెచ్చుకున్న మనిషికి ఆ మాత్రం అడిగే హక్కుంది.

తర్వాత వచ్చిన చిక్కు రెండు కిలోలు. పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు, 50 ఉంది. ఆమె తగ్గింది. 2022లోనే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల స్వర్ణం. 2023 మార్చి 26న ఢిల్లీలో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి తామ్‌ను 5-0తో ఓడించి రెండోసారి ప్రపంచ విజేత. అప్పటికి మన దేశం నుంచి ఒకటికి మించి ప్రపంచ స్వర్ణాలున్న మహిళా బాక్సర్లు మేరీ కోమ్, నిఖత్ మాత్రమే. అయితే పారిస్‌లో సీడింగ్ లేక రెండో మ్యాచ్‌లోనే చైనా బాక్సర్ వు యు ఎదురైంది. 0-5. చివరికి స్వర్ణం గెలిచింది కూడా వు యు. బరువు కోసం రెండు రోజులు తిండి, నీళ్ళు మానేశానని మ్యాచ్ అయ్యాక నిఖత్ చెప్పింది. అది సాకు కాదు, కానీ పూర్తి కారణమూ కాదు. ఆమె ఆటలో ఒక లోపం ఉంది. దూరం చెదిరినప్పుడు ఆమె కొట్టుకుంటూ బయటపడటం కన్నా పట్టుకుని ఆపడానికే ఎక్కువ మొగ్గుతుంది. ఇస్తాంబుల్ రెండో రౌండులోనూ అదే. మామూలు బాక్సర్ మీద అది చెల్లుతుంది. ఆగకుండా లోపలికి వచ్చే వేగమున్న వాళ్ళ మీద చెల్లదు. 2025లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో చాకిరోగ్లు చేతిలో కూడా 0-5తో ఓడింది. ఒకప్పుడు తను ఓడించిన బాక్సర్‌కే.

ఈ లోపం తెలిసి కూడా ఆమె ఆటను మెచ్చుకోవాల్సిందే. ఇష్టం ఉన్నవాళ్ళు ఇస్తాంబుల్ ఫైనల్ వీడియో వెతికి చూడండి. ముందు ఎప్పటిలాగే చేతులు చూడండి. రెండోసారి ధ్వని తీసేసి నడుం కింద మాత్రమే చూడండి. ముందు కాలు ఎప్పుడు కదులుతుంది, ఏ దెబ్బ తర్వాత ఎటు పక్కకు జరుగుతుంది, తాడు దగ్గరకు ఎప్పుడు రానివ్వదు. ఒక్క రౌండు చాలు.

లివర్‌పూల్ తర్వాత రెండు నెలలకు, 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపీ బాక్సర్ గువో యి-షువాన్‌ను 5-0తో ఓడించి ఆమె స్వర్ణం గెలిచింది. బరువు 51 కిలోలు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ విభాగం ఉంది.