అంబారీ ఏనుగు: కొండపల్లి బొమ్మలో అతుకుల సౌందర్యం

కొండపల్లి బొమ్మల మీద వచ్చే రచనల్లో 'అచ్చ తెలుగు కళ' అన్న మాట తరచుగా కనిపిస్తుంది. అభిమానంతో అన్న మాటే గాని, ఆ బొమ్మలన్నింటిలో ప్రసిద్ధమైన అంబారీ ఏనుగు దాన్ని సమర్థించదు. ఆ ఏనుగును ఒక పాఠంగా చదివినప్పుడు తేలే విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పేరుతోనే మొదలుపెట్టవచ్చు. 'ఏనుగు' దేశ్యపదం. 'అంబారీ' అరబీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులో స్థిరపడిన అన్యదేశ్యం. రెండూ కలిసి ఒక్క పేరయ్యాయి. ఆ బొమ్మ పుట్టిన చోటుకు ఇది తగిన పేరే. రెడ్డిరాజుల కాలంనాటి కొండపల్లి దుర్గం గజపతుల, విజయనగర రాజుల, కుతుబ్ షాహీల చేతులు మారి 18వ శతాబ్దంలో ఆంగ్లేయుల వశమైంది. ఏ రాజ్యం వచ్చినా ఏనుగుమీది ఊరేగింపు అధికారానికి చిహ్నంగానే నిలిచింది. బొమ్మలో కూర్చున్న రాజు ఏ వంశంవాడో చెప్పలేం. చెప్పవలసిన అవసరం కళాకారుడికి కలగలేదు.

ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వికులు రాజస్థాన్ నుంచి వలస వచ్చారని చెప్పుకుంటారు. శివానుగ్రహం పొందిన ముక్తర్షి తమ మూలపురుషుడనీ అంటారు. మొదటిది వలసగాథ, రెండవది పురాణగాథ. పరిశోధకులు సాధారణంగా మొదటిదాన్ని చరిత్రగా స్వీకరించి, రెండవదాన్ని నమ్మకంగా పక్కన పెడతారు. ఈ విభజన సరికాదని నా అభిప్రాయం. బయటినుంచి వచ్చామని ఒప్పుకుంటూనే తమ పనికి దైవమూలం చెప్పుకోవడంలో ఒక సమాజం కొత్తచోట గౌరవంగా నిలదొక్కుకున్న తీరు ఉంది. రెండు కథలనూ కలిపి చదివితేనే అది బోధపడుతుంది.

నిర్మాణంలోనూ ఈ కలయికే కనిపిస్తుంది. కొండపల్లి బొమ్మను ఒకే దుంగలో తొలచరు. తేలికైన తెల్లపొణికి కొయ్యను సన్నని సెగమీద తేమ పోయేలా ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూసి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. మా ఇంటి కొలువులోని పాత ఏనుగుకు ఒక సంక్రాంతినాడు తొండం ఊడింది. రంగు కింద సున్నం, సున్నం కింద మక్కు, దాని కింద పాలిపోయిన కొయ్య వరుసగా బయటపడ్డాయి. ఈ వ్యాసానికి ప్రేరణ నిజానికి అదే. అతుకులు కనిపించకుండా చేయడం బొమ్మ చేసేవారి నేర్పు. విమర్శకుడు కూడా అదే పని చేసి 'అచ్చ' అనే సున్నం పూస్తే మాత్రం అది నేర్పు అనిపించుకోదు.

బొమ్మలకొలువులో ఈ ఏనుగు దశావతారాల పక్కనే నిలబడుతుంది. పారసీ పేరున్న పీఠం అక్కడ పరాయిదని ఏ ఇల్లాలూ అనుకోదు. పండితుల కన్నా పేరంటాళ్లే ఈ విషయంలో ముందున్నారు.

స్వచ్ఛత చర్చ వల్ల అసలు నష్టం మరుగున పడుతోంది. ప్రకృతిసిద్ధమైన రంగుల స్థానంలో ఎనామిల్ రంగులు రావడాన్ని పతనంగా భావించేవారున్నారు. బయటి వస్తువును తనలో కలుపుకోవడం ఈ కళకు మొదటినుంచీ అలవాటే కనుక ఆ ఆక్షేపణ నన్ను ఒప్పించదు. కొయ్య సంగతి వేరు. తెల్లపొణికి కోసం కళాకారులు చుట్టుపక్కల కొండల మీదనే ఆధారపడ్డారు, ఆ చెట్లు తగ్గిపోతున్నాయి. మక్కు దేనినైనా అతికించగలదు గాని, ముందు అతికించడానికి కొయ్య ఉండాలి. భౌగోళిక గుర్తింపు బొమ్మ పేరును కాపాడుతుంది. చెట్టును నాటే పని దాని పరిధిలోకి రాదు.