సీరీస్ బల్బు చెప్పేదాకా

మానిటర్ రావడం లేదని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: "కింద చిన్న లైటు వెలుగుతోందా?" నారింజ రంగులోనో, మిణుకుమిణుకుమంటూనో ఉంటే కరెంటు అందుతున్నట్టే, సీపీయూ నుంచి బొమ్మే రావడం లేదు. కేబుల్ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. లైటు పూర్తిగా ఆరిపోతేనే అసలు వెతుకులాట.

చెవిటికల్లు గ్రామంలో డిగ్రీ చదివే ఒక కుర్రాడి మానిటర్‌ది ఈ రెండో రకం. గోడ సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పనిచేసింది. పవర్ కేబుల్ మార్చి చూసినా మానిటర్ పలకలేదు. "నిన్న సాయంత్రం బల్బులన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయండీ, టీవీ కూడా పోయింది. కొత్తది కొనెయ్యమంటున్నారు" అన్నారు వాళ్ల నాన్న. విప్పి చూడకుండా కొనమని చెప్పడం నాకు నచ్చదు.

బల్బులు భగ్గుమన్నాయనగానే నా అనుమానం న్యూట్రల్ మీదికి పోయింది. ఇంటికి రావలసింది 230 వోల్టులు. ఫేజుకూ ఫేజుకూ మధ్య ఉండేది దాదాపు 400. వీధిలో న్యూట్రల్ తీగ తెగితే వేరు వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదాని వెనక ఒకటి కలిసిపోతాయి. ఎవరింట్లో లోడు తక్కువో వాళ్ల మీద వోల్టేజీ ఎగబాకుతుంది. పక్కన మోటారు నడుస్తున్న ఇంట్లో దీపాలు మసకబారుతుంటే, రెండు ఫ్యాన్లున్న ఇంట్లో టీవీ కాలిపోతుంది. ఇబ్రహీంపట్నం విద్యుత్ కేంద్రంలో 1979 నుంచీ కరెంటు తయారవుతోంది. అంత పెద్ద కేంద్రం దగ్గర్లోనే ఉన్నా, మన ఇంటి వస్తువుల ప్రాణం వీధి స్తంభం మీది ఒక్క జాయింటు చేతిలో ఉంటుంది.

మానిటర్ విప్పాను. ఫ్యూజు నల్లబడింది. పక్కనే ఉండే నీలం బిళ్ల, వేరిస్టర్, పగిలిపోయింది. దాని పనే అది: వోల్టేజీ హద్దు దాటితే తాను షార్టయి ఫ్యూజును కొట్టేయించి, వెనకున్న బోర్డును కాపాడుతుంది. ఇక్కడే కొందరు ఫ్యూజు బదులు తీగముక్క చుట్టేస్తారు. అంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. విప్పడమూ ప్రమాదమే: లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవుంటుంది, ప్లగ్గు పీకాక కూడా కాసేపు పోదు. అలవాటు లేనివాళ్లు మానిటర్ విప్పవద్దని అందుకే ప్రాధేయపడతాను.

మల్టీమీటర్‌తో చూస్తే డయోడ్లు, మాస్‌ఫెట్ షార్టు కాలేదు. అదే రేటింగు ఫ్యూజు, కొత్త వేరిస్టర్ వేశాను. అయినా నేరుగా కరెంటు ఇవ్వలేదు, మధ్యలో 60 వాట్ల పాతకాలపు బల్బు సీరీస్‌లో కలిపాను. లోపల ఇంకా షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. బాగుంటే ఒక్కసారి మెరిసి తగ్గిపోతుంది. రిపేరు పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం ఇదే. బల్బు మెరిసి తగ్గింది.

కానీ మానిటర్ వాళ్ల గదిలో పెట్టేముందు సాకెట్‌లో మీటర్ పెట్టి చూశాను. లైన్‌మన్ పొద్దున్నే జాయింటు బిగించి వెళ్లాడట, 230కి దగ్గరగానే చూపించింది. మీటర్ బోర్డు దగ్గర హై వోల్టేజీ కటాఫ్ పెట్టించుకోమన్నాను. ఈలోగా పక్కిళ్లవాళ్లు టీవీలు పట్టుకొచ్చారు. కొన్నింట్లో పోయింది అదే నీలం బిళ్ల. ఒకదానికి బోర్డంతా మాడిపోయింది, దాన్ని బాగుచేయడం నావల్ల కాదని చెప్పాను.