ప్రబంధములలో సమాగమస్థలము

ప్రబంధనాయికానాయకులకుఁ దొలిచూపు గలుగు చోటు ఉద్యానవనమో శైలసానువో యని పాఠశాలలలోఁ జెప్పుట వాడుక. వర్ణనలకు అది యనుకూలమైన తావే. కాని అట్టి తావునఁ బుట్టిన వలపు నిలుచునా యను ప్రశ్నకుఁ గావ్యము లిచ్చు సమాధానము వేఱుగా నున్నది.

శ్రీకృష్ణదేవరాయల (1509–1529) యాస్థానకవి యగు పెద్దన మనుచరిత్రమునే పరికింపవచ్చును. సిద్ధుఁ డొసఁగిన పాదలేపముచే హిమగిరి కేఁగిన ప్రవరుఁడు, లేపము మంచునఁ గరఁగిపోఁగా దారి గానక తిరుగుచు వరూధినిం గాంచెను. అంతకంటె రమ్యమైన తావు తెలుఁగుకావ్యములలో నరుదు. ఐనను పొందు గుదురలేదు. అతఁడు గృహమును, నిత్యకర్మములను దలఁచి పరితపించుచుండఁగా, ఆ కర్మములకెల్ల ఫలము తనవంటి వారి పొందే యని యామె వాదించినది. ఇరువురును మాటలాడిరి, ఒకరి మాట యొకరి మనసునకు సోఁకలేదు. పిదప, తొల్లి యామెచేఁ దిరస్కృతుఁడైన గంధర్వుఁడు మాయాప్రవరుఁడై వచ్చి యామెను వంచించెను. ఆ పర్వతసౌందర్యము నిజమైన ప్రవరునకుఁ గాక యీ కపటికే యక్కఱకు వచ్చినది. విమర్శకులు వరూధినీవిరహమునందుఁ జూపు శ్రద్ధలో సగమైనను ఈ రెండవ సమాగమమునందుఁ జూపినచో, పెద్దన హృదయము మఱింత తేటపడియుండెడిది.

ఆ గ్రంథముననే స్వరోచి మనోరమల కలయిక యున్నది. అతఁడు వేఁటకై వచ్చినవాఁడు. ఆమె రాక్షసునిచేఁ దఱుమఁబడి శరణు వేఁడినది. శృంగారమునకుఁ దగిన సమయ మెంతమాత్రమును గాదు. ఆమె తన వృత్తాంతమును దాఁపక చెప్పి యస్త్రహృదయవిద్య నొసఁగినది, అతఁడు రక్షించినాఁడు. శాపము తొలఁగిన యా రాక్షసుఁడే యామె తండ్రియై కన్యాదాన మొనర్చెను. తరువాత స్వరోచి విభావసీకళావతులను సైతము పెండ్లాడుటచే నీ దాంపత్య మేకపత్నీవ్రతమున కుదాహరణము గాదనుట నిజమే. ఐనను ఆ వివాహములును మనోరమ తన చెలుల రోగములు మాన్పుమని కోరుటనుండి పుట్టినవే.

పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నమునఁ జోటు నంతటిని దొలఁగించివైచెను. వజ్రనాభుని యనుమతి లేక వజ్రపురము సొర నెవ్వరికిని శక్యము గాదు. కనుక శుచిముఖి యను హంస యిరువురి నడుమ మాటలు నడపవలసివచ్చినది. ప్రద్యుమ్నుఁడు నటవేషమునఁ బురము సొచ్చుట తర్వాతి మాట.

ఈ హంసకుఁ బూర్వరూపము నలకథలో నున్నది. అచ్చటను వినికియే ముందు, చూపు పిదప. స్వయంవరసభ వరాన్వేషణమునకే యేర్పడిన స్థలము గదా. అందు దమయంతికి నైదుగురు నలులు గానవచ్చిరి. రూపమును జూచి యేర్పఱుప వలనుపడక యామె తన సత్యము నాశ్రయింపవలసివచ్చెను. ఏండ్లు గడచి, నలుఁడు బాహుకుఁడై వికృతరూపమున వచ్చినప్పుడు, కేశిని తెచ్చి యిచ్చిన వంటకపు రుచియే యామెకు భర్త జాడఁ దెలిపినది.