ద్రవాల పరిభాషలో పనితనం

సాల్వెంట్, సాల్యూట్, సొల్యూషన్. ఈ మూడింటినీ తెలుగు మీడియం పుస్తకం ద్రావణి, ద్రావితం, ద్రావణం అంటుంది. కరిగించేది ద్రావణి, కరిగింది ద్రావితం, రెండూ కలిస్తే ద్రావణం. ఎంత కరుగుతుందో చెప్పేది ద్రావణీయత. అన్నింటికీ మూలం పారడమనే అర్థమున్న ఒకే సంస్కృత ధాతువు. ద్రవమూ అందులోంచి వచ్చిందే. ప్రత్యయం మారితే పదార్థం చేసే పని మారుతుంది. ఒక్కటి అర్థమైతే మిగతావి పిల్లలే విప్పుకుంటారు. ఎంత ముందుచూపుతో కట్టిన మాటలివి!

ఇవన్నీ ఒకచోటే పుట్టలేదు. కాలేజీ పుస్తకాల్లో వీటిని స్థిరపరచిన ఘనతలో పెద్ద వాటా 1968లో ఏర్పడిన తెలుగు అకాడమిది. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు అప్పటి కరీంనగర్ జిల్లా వంగర మనిషి, మంథని ఎమ్మెల్యే, ‘వేయిపడగలు’ను హిందీలోకి తెచ్చిన అనువాదకుడు. అంతకు అర్ధశతాబ్దం ముందు, కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు, ఉస్మానియా యూనివర్సిటీ ఇదే పనిని ఉర్దూలో చేసింది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖనే నడిపింది.

నాకు అన్నింటికన్నా నచ్చింది విస్కాసిటీకి పెట్టిన పేరు, స్నిగ్ధత. చిక్కదనం అంటే సరిపోయేది కదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఆముదాన్ని చూడండి. మామూలు వేడిమి దగ్గర దాని స్నిగ్ధత నీటికన్నా సుమారు వెయ్యి రెట్లు. అయినా అది నీటిమీద తేలుతుంది, ఎందుకంటే సాంద్రత తక్కువ. చిక్కదనం అన్నామంటే పిల్లలు ఈ రెండింటినీ కలిపేస్తారు. జిడ్డు అన్నా చిక్కే: గాలికి జిడ్డు లేదు, స్నిగ్ధత ఉంది. పొరకూ పొరకూ మధ్య రాపిడి అది. స్నిగ్ధ అంటే నూనె తడి ఉన్నదని అర్థం. ఆ ఛాయ లీలగా ఉండి, లోపల కొత్త అర్థానికి చోటు మిగిలింది. పోల్చి చూస్తే, నార్వే వాళ్లు విస్కాసిటీని విస్కోసిటేట్ అని దాదాపు అలాగే ఉంచుకున్నారు. సర్ఫేస్ టెన్షన్‌కు మాత్రం ఉపరితలం, బిగువు అనే సొంత మాటలు జోడించారు.

ఆ సర్ఫేస్ టెన్షన్‌కు మన మాట తలతన్యత. లాగి కట్టిన తాడులోని బలాన్ని తన్యత అని పిల్లలు ముందే చదివి ఉంటారు. అదే మాట నీటి పైతలానికి వచ్చేసరికి, అక్కడా లాగుడు ఉందని పేరే చెప్పేస్తుంది. సూది నీటిమీద ఎందుకు నిలిచిందో సగం వివరణ అందులోనే ఉంది.

బాయిలింగ్ పాయింట్ దగ్గర మన మాటలు కట్టినవాళ్లు పంతానికి పోలేదు. పొయ్యి దగ్గరి మరుగును తీసుకుని స్థానం చేర్చి, మరుగు స్థానం అన్నారు.

తడబడింది సంసంజన, అసంజన బలాల దగ్గర. ఒకటి ఒకే పదార్థపు అణువుల మధ్య ఆకర్షణ, మరొకటి వేర్వేరు పదార్థాల అణువుల మధ్యది. గాజు గొట్టంలో నీరు ఎగబాకడానికీ పాదరసం కిందికి దిగడానికీ కారణం వీటి హెచ్చుతగ్గులే. ఇంత ముఖ్యమైన తేడాను ఒక చిన్న ఉపసర్గ మీద నిలబెట్టారు. ఉట్నూరు వైపు ఇంట్లో గోండి, కొలామి మాట్లాడుకునే పిల్లలకు తెలుగే రెండో భాష. వాళ్లకు ఈ జంట మరీ కష్టం. కొత్త పుస్తకాల్లో ఈ రెండు పేర్ల పక్కన ‘తమలో తాము’, ‘పరాయిదానితో’ అని అచ్చువేస్తే చాలు. పాత పేర్లు మార్చనక్కర్లేదు.