నల్లి వాసన దాటాక

మారేడు కొమ్ముల ఊరగాయ జాడీ మూత తీయగానే సగంమంది ముఖం పక్కకు తిప్పుకుంటారు. నల్లి వాసన అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. అయినా చిత్తూరు, తిరుపతి వైపు మజ్జిగన్నంలో ఈ ముక్క కొరికితే తప్ప భోజనం ముగిసినట్టు అనిపించనివాళ్లున్నారు. నేను వాళ్ల పక్షం.

ముఖం తిప్పుకున్నవాళ్లే ఎండాకాలంలో నన్నారి షర్బత్‌ను ఇష్టంగా తాగుతారు. షర్బత్‌కు సన్నవేళ్ల సుగంధిపాలనూ వాడతారు, శేషాచలం రాళ్ల నడుమ పెరిగే మారేడు తీగ లావుపాటి వేళ్లనూ, అంటే మన ఊరగాయ కొమ్ములనే, వాడతారు. మొక్కలు రెండైనా పరిమళానికి మూలం ఒకే పదార్థం. వెనిలా కాయలోని వెనిలిన్‌లో ఉన్న పరమాణువులే ఇందులోనూ ఉంటాయి, అమరిక మాత్రం వేరు. చక్కెర పాకంలో కమ్మగా తోచే ఆ వాసనే ఉప్పులో, పులుపులో ముక్కుకు ఘాటుగా తగులుతుంది.

ఊరగాయకు వేరు కండపట్టి, తడి ఆరకుండా ఉండాలి. మన్ను కడిగి నీళ్లలో నానబెడితే పైతోలు మెత్తబడుతుంది, కత్తితో గీరేయాలి. నిలువునా చీలిస్తే నడుమ కట్టె ఈనె కనబడుతుంది. దాన్ని ఓపిగ్గా లాగి పారేయాలి. ఆ ఓపిక లేనివాళ్లు చేసిన ఊరగాయ పంటికింద పీచై విసుగు పుట్టిస్తుంది. కండను సన్నగా తరిగి, గాలికి రంగు మారకముందే ఉప్పు, పసుపు కలిపిన పుల్ల మజ్జిగలో వేయాలి. ఆవపిండి, కారం ఆ తర్వాత. కొందరు మజ్జిగ బదులు నిమ్మరసం పోస్తారు. నా నాలుకకు మజ్జిగే సరి, దాని పులుపు ఘాటును అణచకుండా మెత్తబరుస్తుంది. మొదటి రోజుల్లో తిని తీర్పు చెప్పకూడదు. పులుపు ముక్క లోపలికి దిగాకే అసలు రుచి: ముందు ఘాటు, నమిలేకొద్దీ చల్లదనం, చివర సన్నటి తీపి.

బలమైన రుచిని నెమ్మదిగా విప్పుకోవడం మనకే తెలిసిన విద్య కాదు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్‌లలో అబ్సింత్ అనే సారా ఉంది. మన మాచిపత్రికి చుట్టమైన చేదాకును సోంపుతో కలిపి బట్టీలో కాస్తారు. చిల్లుల చెంచా మీద చక్కెర బిళ్ల పెట్టి చన్నీళ్లు బొట్టుబొట్టుగా వదిలితే, సోంపు నూనె నీళ్లలో కరగక గ్లాసంతా పాలలా తెల్లబడుతుంది. 1910లో స్విట్జర్లాండ్, 1915లో ఫ్రాన్స్ దాన్ని నిషేధించాయి. స్విస్ నిషేధం 2005లో గానీ తొలగలేదు. అన్నేళ్లు చట్టం అడ్డుపడినా ఆ రుచిని జనం మరిచిపోలేదు.

మళ్లీ మన నన్నారికి వస్తే, షర్బత్ పని తేలికే, తొందర మాత్రం పనికిరాదు. వేళ్లు దంచి వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, ఆ నీళ్లతో పాకం పట్టాలి. ఎక్కువసేపు మరిగిస్తే పరిమళం ఆవిరితో పోతుంది. నిమ్మరసం, నానిన సబ్జా గింజలు, చల్లటి సోడా చేరితే గ్లాసు సిద్ధం. నిఖార్సైన నన్నారి గోధుమరంగులో ఉంటుంది. ఎర్రగా మెరిసే సీసాలో ఆ ఎరుపు కలిపిన రంగు. దానికి పెట్టే డబ్బు దండగేనని నా అభిప్రాయం.

ఈ రుచికి అడవి చెల్లించే వెల కూడా ఉంది. వేళ్లన్నీ తవ్వేస్తే తీగ చచ్చిపోతుంది. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని ఈ మారేడు తీగ ఇప్పుడు అంతరించే ముప్పులో ఉంది. 2010లో శేషాచలం కొండల్లో 4,755 చదరపు కిలోమీటర్లను జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించినా, సంతలో గిరాకీ తగ్గలేదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కణజాల వర్ధనంతో ఈ మొక్కలు పెంచే పద్ధతులపై పనిచేశారు. ఆ నారు రైతు పొలంలోకి రావాలి. అంతవరకూ కొన్ని వేళ్లే తీసి, మిగతావి మట్టి కప్పి వదిలే యానాది గిరిజనులకు సంతలో ఎక్కువ ధర దక్కాలి. అలా తెచ్చిన వేరు దగ్గర నేను బేరమాడను, ఏడాదికి ఒక్క చిన్న జాడీకి మించి పెట్టను కూడా.